బ్యానరు ఎడమ కొస

ఎవరైనా "రెడీ" అంటే చాలు, లాండ్రీ బాబాయ్ చేతులు రెండూ పైకి లేస్తాయి. గాలిలో ఏదో గుడ్డ అంచు ఉన్నట్టు వేళ్ళు దాన్ని పట్టుకుంటాయి. ఒక అడుగు పక్కకి వేస్తాడు. ఇక కదలడు.

సెలూన్లో గడ్డం గీసి, తువ్వాలు దులిపి "రెడీ బాబాయ్" అన్నా ఇంతే. ఒకసారి బస్సు కండక్టరు "రెడీ, పోనీ" అన్నాడు. బాబాయ్ కమ్మీ వదిలేశాడు. బస్సు కదిలింది. ముందు సీటులో ఉన్నాయన ఒళ్ళో కూర్చుని తర్వాతి స్టాపు దాకా క్షమాపణలు చెప్పాడు. ఇంట్లో పిన్ని "అన్నం రెడీ" అనడం మానేసి చాలాకాలమైంది. "వడ్డించాను, రండి" అంటుంది. కూతురి పెళ్ళిలో ఫోటోగ్రాఫరు "అందరూ రెడీ" అన్నాడు. ఆల్బంలో పెళ్ళికూతురి తండ్రిది ఒక మోచెయ్యి ఉంది.

దీనంతటికీ కారణం ఒక బ్యానరు.

వీధి మలుపులో బాబాయ్ దుకాణం. ఒక బల్ల. దాని మీద నాలుగు మడతలు వేసిన పాత దుప్పటి. ఇస్త్రీపెట్టె. మూతకి చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా. వెనక తాడుకి చొక్కాలు, తమ యజమానుల కన్నా తిన్నగా నిలబడి ఉంటాయి. పందొమ్మిదేళ్ళ కిందట ఊళ్ళోని సేవా క్లబ్బువాళ్ళు తమ బ్యానరు ఇస్త్రీకి ఇచ్చారు. నీలం గుడ్డ, తెల్ల అక్షరాలు. మధ్యలో ఒక చదరం ఖాళీ. ఆ రోజు ఏ సేవ చేస్తే ఆ సేవ పేరు కాగితం మీద రాసి ఆ చదరంలో పిన్నులతో గుచ్చుతారు. బాబాయ్ బ్యానరు ఇస్త్రీ చేసి, మడత నలగకుండా రెండు చేతుల మీద పెట్టుకుని, వాళ్ళు చెప్పిన ఆస్పత్రి వరండాకి పట్టుకెళ్ళాడు.

అక్కడ రోగులకి పళ్ళు పంచుతున్నారు. పళ్ళున్నాయి, రోగులున్నారు, కెమెరా ఉంది. బ్యానరు ఎడమ కొస పట్టుకోవాల్సిన మనిషి రాలేదు. అప్పటి అధ్యక్షుడు లాయరు. అటూ ఇటూ చూసి, "కాస్త ఆ కొస పట్టుకో" అన్నాడు.

ఆ "కాస్త" పందొమ్మిదేళ్ళయినా పూర్తి కాలేదు.

ఫోటో చూసేవాళ్ళకి అది ఎడమ. బ్యానరు వెనక నిలబడ్డ ఆయనకి కుడి. పేర్లు పెట్టేది చూసేవాళ్ళే కాబట్టి ఎడమ కొస అనే పేరు నిలిచిపోయింది. కుడి కొస వాచీలు బాగుచేసే ఆయనది. వాచీలాయన తాటిచెట్టంత పొడుగు. ఏ ఫోటోలో చూసినా బ్యానరు పైన ఆయన మొహం గోడ మీంచి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. బాబాయ్ పొట్టి. చేతులు తల పైకెత్తి పట్టుకుంటే గానీ రెండు కొసలూ సమానం కావు. అందుకని ఫోటోల్లో ఆయనవి వేళ్ళు మాత్రమే పడతాయి. బ్యానరు అంచు మీద నాలుగూ నాలుగూ ఎనిమిది వేళ్ళు. కింద, మోకాళ్ళ దిగువన, రెండు పాదాలు.

క్లబ్బులో ఫోటో అయిపోతే సేవ అయిపోయినట్టే. అందరూ స్కూటర్లెక్కేవాళ్ళు. బాబాయ్ వెళ్ళలేడు. బ్యానరు మడత పెట్టాలి. ఆయన మడత పెట్టేది ఇస్త్రీ మనిషి మడత, పది నిమిషాలు పడుతుంది. ఈలోగా పంచని పళ్ళు బుట్టలో అలాగే కనిపిస్తాయి. కంటి పరీక్షకి వచ్చిన ముసలమ్మ వరస ఎటో తెలియక నిలబడి ఉంటుంది. రక్తం ఇచ్చినవాడు కళ్ళు తిరిగి బెంచీ మీద వాలిపోతాడు. ఇవన్నీ చూసుకుని ఇంటికొచ్చేసరికి సాయంత్రమయ్యేది.

మొక్కల సంగతీ ఇంతే. క్లబ్బు ఏటా ఆస్పత్రి రోడ్డులో ఒకటే గుంతలో మొక్క నాటేది. అది ఎండిపోయేది. మళ్ళీ ఏడాదికి గుంత సిద్ధంగా ఉండేది. అది చూడలేక బాబాయ్ రోజూ పొద్దున్నే ఒక బకెట్టు నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. మొక్క బతికింది. మరుసటి ఏడాది అందరూ పారతో వచ్చి చూస్తే గుంత లేదు. అధ్యక్షుడు కొంచెం నొచ్చుకున్నాడు. కొత్త గుంత తవ్వాల్సి వచ్చింది. అలా ఇప్పటికి ఆ రోడ్డులో పదకొండు చెట్లయ్యాయి.

పిన్ని తమ్ముడు బస్సు డిపోలో పనిచేస్తాడు. ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల గది ఆయనది. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. చీటీ కట్టని వస్తువుని వస్తువుగా ఒప్పుకోడు. ప్రతి ఆదివారం అక్క ఇంటికి భోజనానికొస్తాడు. అన్నంలో కూర కలుపుకుంటూ బావని కదుపుతాడు.

"బావా, గోడ మీద ఈ ఫోటోలన్నీ చూస్తున్నా. నువ్వెక్కడ?"

"అదిగో, ఆ కొస."

"అవి వేళ్ళు."

"నా వేళ్ళే."

"వేళ్ళ మీద పేరు రాసుందా? మా గదికి రోజుకి పది వస్తాయి ఇలాంటివి. చీటీ లేకపోతే ఎవరివీ కావు."

"మీ గదికి వేళ్ళొస్తాయేమిట్రా?" అంది పిన్ని.

"గొడుగులక్కా, గొడుగులు. మాటకి చెప్పా."

బాబాయ్ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "పాతికేళ్ళ పుస్తకం వేస్తున్నారు క్లబ్బువాళ్ళు. ఎవరు ఏ ఏడు చేరారో ఆ వరసలో పేర్లు. అందులో ఉంటుంది చూసుకో. పందొమ్మిదేళ్ళ నుంచీ అని."

"ఉంటే ఏడాదిపాటు రోజూ పొద్దున్నే వచ్చి నీ చెట్లకి నేను నీళ్ళు పోస్తా."

"లేకపోతే?"

"లేకపోతే ఈ ఇంట్లో భోజనాల దగ్గర క్లబ్బు మాట ఎత్తకూడదు. జన్మలో."

"నేను సాక్షి" అంది పిన్ని. అప్పటికే ఆమె పుస్తకం సంగతి వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చెప్పేసింది.

పుస్తకం పని చూస్తున్నది క్లబ్బు కార్యదర్శి, బడిలో పెద్ద టీచరుగా చేసి రిటైరయినామె. అందరూ టీచరమ్మ అంటారు. ఆమె వచ్చాక క్లబ్బు బీరువాలో కాగితాలు నిలువుగా నిలబడ్డం నేర్చుకున్నాయి. సోమవారం పొద్దున ఆమె దుకాణానికొచ్చింది. చేతిలో ఒక అట్ట ఫైలు.

"బాబాయ్ గారూ, మీరు ఎప్పుడు చేరారు?"

"దేంట్లోనమ్మా?"

"క్లబ్బులో."

"పందొమ్మిదేళ్ళయింది."

"మీరు చేరిన కాగితం కనిపించడం లేదు."

"ఏ కాగితం?"

"చేరేటప్పుడు అందరూ ఒక కాగితం నింపుతారు. పేరు, అడ్రసు, వృత్తి, సంతకం. ఇద్దరు సభ్యులు సిఫార్సు చేస్తారు. మీకెవరు చేశారు?"

బాబాయ్ ఇస్త్రీపెట్టెని నిలువుగా పెట్టాడు. ఆలోచించాడు. "లాయరు గారు ఆ కొస పట్టుకోమన్నారు" అన్నాడు.

"అది సిఫార్సు కాదండీ."

"మరేమిటది?"

టీచరమ్మ ఫైలు మూసింది. ఆమెకి బాధగానే ఉంది. బాధగా ఉన్నప్పుడు ఆమె గొంతు ఇంకా గట్టిపడుతుంది. "కాగితం లేకుండా పేరు వెయ్యలేను. ఆదివారం మీటింగుకి రండి. కొత్తగా చేర్చుకుంటాం. వరసలో చివర వస్తుంది."

"చివరంటే?"

"మొన్న చేరిన మందుల షాపబ్బాయి తర్వాత."

ఆమె వెళ్ళిపోయింది. బాబాయ్ పని చేసుకున్నాడు. ఆ వారం వీధిలో మగవాళ్ళందరి ప్యాంట్లకీ ఒక్కో కాలికి రెండేసి మడత గీతలు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. అలవాటైన మనిషి చేస్తే అదేదో కొత్త పద్ధతి అనుకుంటారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన బాగుందని కూడా అన్నాడు.

పిన్ని మాత్రం అనుకోలేదు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ప్యాంటుకి రెండు గీతలెందుకు?"

అప్పుడు చెప్పాడు. పిన్ని ఆ ప్యాంటు పక్కన పడేసింది.

"చేరకుండానే పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా?"

"చేరావా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

"మీరు ఏదడిగారు గనక? మా ఇంటికొచ్చినప్పుడూ ఇంతే. పెళ్ళి చేసుకుంటానని నోటితో ఒక్క ముక్క అనలేదు. వారం వారం వచ్చి మా నాన్న చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టారు. మేమే అర్థం చేసుకున్నాం."

"అర్థం చేసుకున్నారుగా."

"అందరూ మా నాన్నలా ఉంటారా? ఏదీ, ఆ చెయ్యి ఇలా తెండి."

బాబాయ్ ఎడమ చేతి చూపుడు వేలి మీద, గోరుకి కొంచెం కింద, అర్ధచంద్రంలా ఒక మచ్చ. ఎప్పుడో ఇస్త్రీపెట్టె మొన తగిలి కాలింది. పిన్ని దాన్ని కాసేపు చూసింది.

"ఇది ఫోటోల్లో కనపడుతుందా?"

"దగ్గర్నుంచి చూస్తే కనపడుతుందేమో."

"ఆదివారం మీటింగుకి వెళ్ళండి. ఈ వేలు తీసుకుని వెళ్ళండి."

"ఇంట్లో వదిలి వెళ్తానా?" అన్నాడు బాబాయ్. వారం రోజుల్లో ఆయన అన్న హాస్యం అదొక్కటే. ఆయనకి తెలియకుండా అన్నాడు.

వాచీలాయన దుకాణం మేడ మీద గది క్లబ్బుది. ఎనిమిది కుర్చీలు, ఒక పొడుగాటి బల్ల, కిటికీ. కింద దుకాణంలోంచి గోడ గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి పదకొండు కొడుతుంటాయి. అన్నీ కొట్టేసరికి పదకొండూ అయిదవుతుంది. అప్పుడు మీటింగు మొదలవుతుంది.

అధ్యక్షుడి కుర్చీలో పళ్ళ డాక్టరు. మంచి మనిషి. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఎదుటివాళ్ళ మీద తుంపర పడకుండా అనుకుంటారందరూ. వృత్తిలో ఉన్న శుభ్రత. కాళ్ళకి ఎప్పుడూ తెల్ల బూట్లు.

టీచరమ్మ ఒక ఖాళీ ఫారం బల్ల మీద పెట్టింది. "ఇవాళ్టి తేదీ వేస్తాను."

"పాత తేదీ వేసెయ్యండి టీచరమ్మా" అన్నాడు డాక్టరు అరచేతి వెనకనుంచి. "ఎవరికి నష్టం?"

"ముప్ఫై నాలుగేళ్ళు, పిల్లల పుట్టిన తేదీలు మార్చమని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపించేశాను డాక్టరు గారూ. ఇప్పుడు మీరొచ్చారు."

గదిలో ఉన్నవాళ్ళంతా పైకప్పు వంక, ఫ్యాను వంక చూశారు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆ గదిలో ఆయన ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. "వేలు తెచ్చాను" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. మచ్చ సంగతి చెప్పాడు. ఫోటోలు చూడమన్నాడు. వాచీలాయన అంతా విని, "ఆగు బాబాయ్" అని కిందికి పరుగెత్తి, వాచీల్లోకి చూసే నల్ల గొట్టం లాంటి భూతద్దం కంటికి తగిలించుకుని వచ్చాడు.

మొహం పడని ఫోటో లెక్కకి రాదని అంతవరకూ అనుకున్న టీచరమ్మ ఇప్పుడు అడ్డం చెప్పలేదు. ఫైల్లోంచి ఒక పాత పుస్తకం తీసింది. క్లబ్బు నియమాలు. లాయరు గారి చేతిరాత. ఏడో నియమం పైకి చదివింది. "క్లబ్బులో హాజరు పట్టీ ఉండదు. ఒకరి సంతకం ఇంకొకరు పెడుతున్నారు. ఇక మీదట ఫోటోయే హాజరు. ఫోటోలో ఉన్నవాడు వచ్చినట్టు. లేనివాడు రానట్టు. మూడేళ్ళు వరసగా ఫోటోల్లో ఉన్నవాడు, మొదటి ఫోటో తేదీ నుంచి సభ్యుడు. మూడేళ్ళు వరసగా లేనివాడి పేరు కొట్టివేయవలెను."

"ఇది ఉందని మాకు తెలీదే" అన్నాడు డాక్టరు.

"చదవలేదు కాబట్టి తెలీదు" అంది టీచరమ్మ. "ఫోటోలు తీయండి."

ఫోటోల అట్టపెట్టెలు బల్ల మీద గుమ్మరించారు. టీచరమ్మ సభ్యుల పట్టీ ముందు పెట్టుకుని, చివర బాబాయ్ పేరు పెన్సిలుతో చేర్చుకుంది. పందొమ్మిదేళ్ళ సేవ బల్లంతా పరుచుకుంది. వాచీలాయన ఒక కన్ను మూసి, ఒక కంటికి గొట్టంతో, ఒక్కో ఫోటో మీదికి వంగాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఆయనకి అలవాటే, ఊపిరి వదిలితే వాచీలో స్ప్రింగు ఎగిరిపోతుంది.

"కంటి పరీక్షలు. ఉంది మచ్చ."

టీచరమ్మ టిక్కు పెట్టింది.

"బడిపిల్లలకి చెప్పులు. ఉంది."

టిక్కు.

"రక్తదానం. ఇది వేలు కాదు, బ్యానరు క్లిప్పు... ఆ, క్లిప్పు పక్కన ఉంది."

"క్లిప్పుకి టిక్కు పెట్టను" అంది టీచరమ్మ. వేలుకి పెట్టింది.

ఒక్కో ఫోటోకీ బాబాయ్ తన చెయ్యి పక్కన పెట్టాడు. వాచీలాయన ఆ చేతినీ ఈ చేతినీ మార్చి మార్చి చూశాడు. పద్దెనిమిదేళ్ళూ దొరికాయి. ఒక్క ఏడాది మిగిలింది. మొదటిది. ఆస్పత్రి వరండా, పళ్ళు.

"వేళ్ళున్నాయి" అన్నాడు వాచీలాయన. "మచ్చ లేదు."

"మచ్చ ఆ తర్వాతి ఏడు వచ్చిందమ్మా" అన్నాడు బాబాయ్.

"అలా అయితే ఈ వేళ్ళు మీవని ఎలా తెలుస్తుంది? మచ్చ లేని వేళ్ళు అందరికీ ఉంటాయి." టీచరమ్మ తన వేళ్ళు కూడా ఒకసారి చూసుకుంది. "పద్దెనిమిదేళ్ళ నుంచీ అని వేస్తాను."

తక్కువేమీ కాదు. మందుల షాపబ్బాయికి చాలా పైన ఉంటాడు. కానీ బాబాయ్ బావమరిదితో పందొమ్మిది అన్నాడు. ఆయనకి తెలుసు బావమరిది సంగతి. ఒక్క అంకె తేడా ఉంటే గొడుగు కూడా ఇవ్వడు.

అప్పుడు ఇంకో సంగతి జరిగింది. టిక్కులు పెట్టేటప్పుడు టీచరమ్మ బాబాయ్ ఒక్కడికే పెట్టలేదు. పట్టీలో అందరి పేర్లూ ఉన్నాయి కదా అని, కనిపించినవాళ్ళందరికీ పెట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు కళ్ళజోడు సవరించుకుని పట్టీ పైనుంచి కిందికి చూసింది. ఒక పేరు ఎదురుగా వరస మొత్తం ఖాళీ.

"డాక్టరు గారూ."

"చెప్పండి."

"మీరు ఏ ఫోటోలోనూ లేరు."

కింద గడియారాలు పన్నెండు కొట్టడం మొదలుపెట్టాయి. డాక్టరు చెయ్యి నోటి మీదే ఉండిపోయింది.

"ఏడో నియమం ప్రకారం..." అంది టీచరమ్మ.

"వచ్చాను టీచరమ్మా. అన్నిటికీ వచ్చాను."

"ఫోటోయే హాజరు."

"బాబాయ్ ని అడగండి" అన్నాడు డాక్టరు. అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

అందరూ బాబాయ్ వైపు తిరిగారు. బాబాయ్ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు నేల వైపు చూశాడు. బాబాయ్ కి మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"వేళ్ళు చూసింది చాలమ్మా" అన్నాడు నెమ్మదిగా. "కింద చూడండి. కాళ్ళు."

వాచీలాయన మొదటి ఏడాది ఫోటో మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. బ్యానరు కింది అంచు దగ్గరికి గొట్టం దించాడు. చాలాసేపు లేవలేదు.

"ఎడమ కొస కింద నాలుగు కాళ్ళున్నాయి" అన్నాడు.

"నాలుగా?"

"రెండు చెప్పుల కాళ్ళు. రెండు తెల్ల బూట్లు."

అందరూ ఒక్కసారి వంగి బల్ల కిందికి చూశారు. డాక్టరు తెల్ల బూట్లు కుర్చీ కిందికి వెనక్కి జరిగాయి. జరిగి ఎక్కడికి పోతాయి?

"ఈ చెప్పు పట్టీకి ఏదో తెల్లగా ఉంది" అన్నాడు వాచీలాయన. "గుండీలా ఉంది. చొక్కా గుండీ."

బాబాయ్ కుడి కాలు కొంచెం ముందుకి చాపాడు. చెప్పు పట్టీకి తెల్ల చొక్కా గుండీ కుట్టి ఉంది. చెప్పులు మారాయి. తెగిన ప్రతి చెప్పుకీ గుండీ కుట్టడం మాత్రం మారలేదు. దుకాణంలో దొరికేది అదే.

టీచరమ్మ టిక్కు పెట్టింది. ఒక పెద్ద టిక్కు. తర్వాత డాక్టరుకి కూడా పెట్టుకుంటూ పోయింది, పందొమ్మిదేళ్ళకీ, బూట్లు చూసి చూసి. అంతా అయ్యాక అడిగింది.

"అన్నిటికీ వచ్చి, బ్యానరు వెనకెందుకండీ మీరు?"

డాక్టరు చెయ్యి తీశాడు. నోరు కొంచెం తెరిచాడు. పైన ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికెక్కి కూర్చుంది. దాని పక్కన మనిషి దూరేంత సందు.

"నా పని నేను చేసుకోలేను కదా" అన్నాడు. "ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఊరంతా తెలుస్తుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఈ ఫోటో చూస్తే..."

ఎవరూ నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు. వాచీలాయన కంటి గొట్టం తీసి జేబులో వేసుకున్నాడు. "నా చేతి వాచీ పావుగంట వెనక డాక్టరు గారూ" అన్నాడు. "ఎప్పుడూ అంతే."

టీచరమ్మ పట్టీ మూసింది. ఆమె నియమం దగ్గరే ఉంది. "పుస్తకం మొదటి పేజీకి అందరి ఫోటో కావాలి. అందరూ బ్యానరు ముందుండాలి. ముందు. మీరిద్దరూ మధ్యలో."

తర్వాతి ఆదివారం ఆస్పత్రి ఆవరణలో ఫోటో. పిన్ని వచ్చింది. ఆమె తమ్ముడు కూడా వచ్చాడు, ఇందులో ఎంత నిజముందో చూసిపోదామని. డాక్టరు పెదాలు కుట్టేసినట్టు బిగించుకుని మధ్యలో నిలబడ్డాడు. పక్కన బాబాయ్. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. ముందు కట్టుకున్నాడు, వెనక్కి పెట్టుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, తీసేశాడు. వెనక కుడి కొస ఆస్పత్రి స్తంభానికి కట్టారు. ఎడమ కొస నేల మీద పడి ఉంది.

బాబాయ్ దాని వంక చూస్తూ నిలబడలేకపోయాడు. "ఒరేయ్ బామ్మర్దీ" అన్నాడు. "కాస్త ఆ కొస పట్టుకో."

"నేనా?"

"కాస్తేగా."

బావమరిది గొణుక్కుంటూ వెళ్ళి బ్యానరు వెనక చేతులెత్తి నిలబడ్డాడు. అతనూ పొట్టే.

"మీరు అటు చూడకండి, ఇటు చూడండి" అరిచింది పిన్ని. బాబాయ్ మెడ తిప్పాడు. ఫోటోగ్రాఫరు కెమెరా వెనక వంగాడు.

"అందరూ రెడీ."

పిన్ని తల పట్టుకుంది.

నెల తర్వాత పుస్తకం వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక పిన్ని చేతులు రెండుసార్లు తుడుచుకుని తెరిచింది. మొదటి పేజీ ఫోటో. వరసగా అందరూ. మధ్యలో బాబాయ్, చేతులు రెండూ తల పైకెత్తి, వేళ్ళతో గాలిని పట్టుకుని, ఎవరో తుపాకీ చూపించినట్టు. ఆయన పక్కన పళ్ళ డాక్టరు, ఆ చేతుల వంక చూసి పగలబడి నవ్వుతున్నాడు. నోరు పూర్తిగా తెరుచుకుంది. ఎక్కి కూర్చున్న పన్ను, దాని పక్క సందు, ఊళ్ళో అందరికీ కనపడేంత స్పష్టంగా ఉన్నాయి. ఇంకోటి తీయమని టీచరమ్మ అడిగిందట. వద్దని డాక్టరే అన్నాడట.

బ్యానరు ఎడమ కొసన ఎనిమిది వేళ్ళు.

"ఒక్క ఫోటోలో పడ్డారు జన్మకి" అంది పిన్ని. "అందులోనూ ఇలాగా?" అంది గానీ, పేజీ తిప్పలేదు.

తిప్పింది బావమరిది. పేర్ల పట్టిక మీద వేలుపెట్టి కిందికి జరిపాడు. పన్నెండో పేరు దగ్గర ఆగాడు. పేరు, వృత్తి, చేరిన సంవత్సరం. సంవత్సరాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పందొమ్మిదే" అన్నాడు.

"చీటీ ఉందిగా?" అన్నాడు బాబాయ్.

"ఉంది బావా." మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాడు. ఎడమ కొసన ఉన్న వేళ్ళని చూశాడు. "ఇందులో నా పేరెక్కడా లేదే?"

"వేళ్ళ మీద రాసుందా?" అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే ఆరు గంటలకి బాబాయ్ రెండు బకెట్లతో ఆస్పత్రి రోడ్డుకి వెళ్ళాడు. బావమరిది కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. కుళాయి దగ్గర బకెట్లు నింపుకుని చిన్న మొక్క నుంచి మొదలుపెట్టారు. పదో చెట్టు దాటేసరికి బావమరిది చేతులు లాగేశాయి. రోడ్డు చివర, అన్నిటికన్నా పాత చెట్టు దగ్గర బకెట్టు కింద పెట్టాడు. తల పైకెత్తి చూశాడు. కొమ్మలు ఆస్పత్రి మేడ దాటి వెళ్ళాయి.

"బావా, ఇంత చెట్టుకి కూడా నీళ్ళు పొయ్యాలా?"

"దీనికి అక్కర్లేదు."

"మరి రోజూ ఎందుకు పోస్తున్నావు?"

బాబాయ్ ఆలోచించాడు.

"ఆపమని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అని, మొదలు చుట్టూ నీళ్ళు పోసి, ఖాళీ బకెట్టు తీసుకుని దుకాణం తెరవడానికి వెళ్ళాడు.